పాత పడవ, కొత్త తెరచాప

బాలలూ, పోయిన నెల మనం చెరువుల తూములను గురించి చెప్పుకున్నాం. అది చదివిన తరవాత మీలో కొందరికి ఒక సందేహం కలిగింది. "హుస్సేన్ సాగర్‌లో చిన్న చిన్న తెరచాప పడవలు తిరుగుతూ ఉంటాయి గదా. వాటికి ఇంజను లేదు, తెడ్లు లేవు. గాలి ఎటు వీస్తే అటే పోవాలి గదా! మరి బయలుదేరిన ఒడ్డుకే అవి మళ్ళీ ఎట్లా వచ్చి చేరుతున్నాయి?" అని అడిగారు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెబుతాను. దానితోపాటు ఒక పాత పడవను బాగుచేసిన సంగతి కూడా చెబుతాను. ఎందుకంటే, పడవ ఎట్లా నడుస్తుందో తెలియాలంటే, దాన్ని విప్పి మళ్ళీ కట్టడం కన్న మంచి ఉపాయం లేదు.

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. వంటింట్లోంచి ఒక గరిటె గాని, చెంచా గాని తీసుకోండి. కొళాయి తిప్పి సన్నని ధార పడనివ్వండి. చెంచాను కొసన రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని, దాని వీపు ధారకు తాకేటట్టు మెల్లగా దగ్గరికి తీసుకురండి. ధార చెంచాను అవతలికి నెడుతుందని మీరు అనుకుంటారు. కాని చెంచా ధారలోకి లాగబడుతుంది! నీరు చెంచా వీపు వంపును పట్టుకుని పక్కకు తిరిగిపోతుంది. చెంచా నీటిని ఒక వైపుకు తిప్పింది గనక, నీరు చెంచాను రెండో వైపుకు లాగింది.

తెరచాపలో జరిగేది కూడా ఇదే. తెరచాప చదునుగా ఉండే గుడ్డ కాదు. దాన్ని కుట్టేటప్పుడే బొజ్జ వచ్చేటట్టు కత్తిరించి కుడతారు. గాలి ఆ వంపు వెంట జారి పక్కకు తిరుగుతుంది. తెరచాప దానికి ఎదురు వైపుకు లాగబడుతుంది. మా మైలార్‌దేవ్‌పల్లిలో మేడ మీద నిలబడితే శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలు కనిపిస్తాయి. ఆ విమానం రెక్క పడుకున్న తెరచాప. పడవ తెరచాప నిలబడిన రెక్క. రెంటికీ సూత్రం ఒకటే. (రెక్క పైనుంచి పోయే గాలి, కిందినుంచి పోయే గాలితో పాటే అవతలి అంచుకు చేరాలి గనక తొందరగా పోతుందని కొన్ని పుస్తకాలలో రాస్తారు. అది నిజం కాదు. రెండు గాలులూ ఒకేసారి చేరాలనే నియమం ఏదీ లేదు. పరీక్షలో ఎవరైనా అట్లా రాస్తే నేనైతే మార్కులు వేయను.)

తెరచాప మీది లాగుడు చాలావరకు పడవకు పక్కవాటుగా ఉంటుంది, కొంచెమే ముందుకు ఉంటుంది. మరి పడవ పక్కకు కొట్టుకుపోవద్దా? పోకుండా ఉండడానికి పడవ నడుమ ఒక చీలిక ఉంటుంది. అందులోంచి ఒక పలకను నీళ్ళలోకి దింపుతారు. దీని పేరు డాగర్ బోర్డ్. వెడల్పు పలకను నీళ్ళలో పక్కకు తొయ్యడం ఎంత కష్టమో, అంచు వైపుగా ముందుకు తొయ్యడం అంత తేలిక. ఇప్పుడు తడిసిన చింతగింజ ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కండి. ఏమైంది? చటుక్కున ముందుకు ఎగిరిపోయింది! వేళ్ళు నొక్కింది పక్కలనుంచే గదా? అట్లాగే ఒక పక్క గాలి, రెండో పక్క నీరు నొక్కితే, నడుమ పడవ ముందుకు జారుకుంటుంది.

అయితే ఏ పడవా సూటిగా గాలికి ఎదురుగా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల వాలులో కొంత దూరం కుడికి పోయి, మళ్ళీ తిరిగి అదే వాలులో ఎడమకు పోతుంది. కొండ ఎక్కే దారి వంకర టింకరగా ఉంటుంది చూడండి, అట్లాగన్నమాట. 100 మీటర్లు ఎదురుగాలికి పోవాలంటే పడవ సుమారు 141 మీటర్లు తిరగాలి. పెద్ద తరగతుల వాళ్ళు ఈ అంకె ఎట్లా వచ్చిందో కాగితం మీద గీసి చూడండి.

ఈ విద్య మన వాళ్ళకు కొత్త కాదు. శాతవాహన రాజుల నాణేలలో కొన్నింటి మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. అంటే సుమారు 1,800 ఏళ్ళ కిందటే తెలుగు తీరాన తెరచాప ఓడలు రాజముద్రకు ఎక్కేటంత గొప్పగా ఉండేవన్నమాట. కాకినాడ దగ్గర కోరంగి, తాళ్ళరేవులలో కొయ్య ఓడలు కట్టే పని తరతరాలు సాగింది. గోదావరి కాలవల మీద గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. మన దక్కనులో సముద్రం లేదు గాని చెరువులకు కొదవ లేదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తరవాత కట్టినవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. హిమాయత్ సాగర్ మాకు దగ్గరే. కాని అది తాగే నీళ్ళ కోసమూ, వరదను ఆపడం కోసమూ కట్టినది. తెరచాప పడవలు నేర్చుకునే పిల్లలు పోయేది హుస్సేన్ సాగర్‌కే. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించిన చెరువు అది. వానాకాలంలో దాని మీద పడమటి గాలి బాగా వీస్తుంది. అందుకే జూలై మాసంలో అక్కడ పడవ పందాలు చాలా ఏళ్ళుగా జరుగుతున్నాయి. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలకు మన దేశం తరఫున పడవ నడపడానికి పోయిన ప్రీతి కొంగర ఈ చెరువులో నేర్చుకున్న అమ్మాయే.

ఇక పాత పడవ సంగతికి వద్దాం.

మా వీధిలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉన్నది. ఆమె తండ్రి కాటేదాన్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఆ పిల్లకు ఎట్లా అబ్బిందో గాని పడవ పిచ్చి పట్టుకున్నది. వారం వారం బస్సెక్కి హుస్సేన్ సాగర్‌కు పోయి నేర్చుకునేది. తండ్రి నాలుగు రాళ్ళు కూడబెట్టి, ఎవరో అమ్మజూపిన పాత పడవ ఒకటి కొని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. చెక్కతో చేసిన ఆప్టిమిస్ట్ పడవ.

ఆప్టిమిస్ట్ పడవ కథ మీరు తెలుసుకోవలసిందే. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో, పిల్లల కోసం చవకలో ఒక పడవ కావాలని పెద్దలు అనుకున్నారు. అప్పట్లో అక్కడి పిల్లలు సబ్బు పెట్టెలకు చక్రాలు తగిలించి వాలు మీద జారుకుంటూ పందాలు వేసేవారు. ఆ ఊళ్ళో వాలు తక్కువ, నీళ్ళు ఎక్కువ! క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు ప్లైవుడ్ పలకలతో ఎనిమిది అడుగుల లోపు పెట్టె లాంటి పడవ తయారుచేశాడు. ఎనిమిది అడుగులే ఎందుకు? ప్లైవుడ్ పలక పొడవు ఎనిమిది అడుగులు గనక! ముక్కు కొస లేకుండా మొద్దుగా కోసేశాడు. దీనికి డబ్బు పెట్టిన సంఘం పేరు ఆప్టిమిస్ట్ క్లబ్బు. పడవకు అదే పేరు వచ్చింది. ఈనాడు వందకు పైగా దేశాలలో పదిహేనేళ్ళ లోపు పిల్లలు దీని మీదనే నేర్చుకుంటున్నారు. పొడవు 2.3 మీటర్లు, వట్టి పడవ బరువు 35 కిలోలు. అందులో ఒక్కరే కూర్చుంటారు. కెప్టెనూ వాళ్ళే, కళాసీ వాళ్ళే.

ఈ కాలంలో పందాలకు వచ్చే పిల్లలకు ఎక్కువగా ఫైబర్ పడవలు ఉన్నాయి. మా వీధి పిల్ల పడవను చూసి తోటి పిల్లలు "కట్టె పెట్టె" అని నవ్వారట. రెండు వారాలలో పందెం ఉన్నది. తండ్రి నా దగ్గరకు వచ్చి, "సార్, మంచి నీలం రంగు తెచ్చిన. రెండు కోట్లు కొడితే కొత్తదై పోతది గదా?" అన్నాడు.

"రంగు ఆఖరి పని. ముందు కాంటా పెట్టి తూచుకుని రండి," అన్నాను.

పాత సామాన్ల దుకాణంలో తూచారు. 46 కిలోలు! ఉండవలసిన దాని కన్న 11 కిలోలు ఎక్కువ. ఆ పిల్ల బరువే 34. అంటే తనతోపాటు తన బరువులో మూడో వంతును దండగగా మోస్తూ పందెం వేయాలన్నమాట. ఈ 11 కిలోలు ఎక్కడివి? కొంత, ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పూసిన రంగు. తక్కినది నీళ్ళు. చెక్క నీళ్ళు తాగుతుంది. పలక ముఖం మీదనుంచి తాగడం తక్కువ. కోసిన అంచులోంచి తాగడం చాలా ఎక్కువ. చెరకు ముక్కను పక్కనుంచి చీకితే ఏమీ రాదు, కొసనుంచి పీలిస్తే వస్తుంది గదా? చెట్టులో నీరు ఎక్కే గొట్టాలు పొడుగునా ఉంటాయి. కోసిన చోట వాటి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి.

నీళ్ళు తాగితే బరువే గదా పెరిగేది, దానికేం అంటారేమో. అసలు కీడు బరువు కాదు, కుళ్ళు. చెక్కను కుళ్ళబెట్టేది ఒక రకం బూజు. దానికి తేమ కావాలి, గాలి కావాలి. చెక్క బరువులో ఐదో వంతుకు మించి తేమ చాలాకాలం నిలిచి ఉంటే అది పెరగడం మొదలుపెడుతుంది. ఒక వింత చెబుతాను: సముద్రపు ఉప్పునీటి కన్న వాననీరే పడవకు పెద్ద శత్రువు. ఉప్పు బూజును కొంత అణచి ఉంచుతుంది. వాననీరు మూలల్లో నిలిచి తియ్యగా దాన్ని పెంచుతుంది.

అందుచేత రంగు డబ్బా మూత తియ్యకుండా, పడవను వేపచెట్టు కింద బోర్లించి, ఇద్దరం చెరొక పక్క కూర్చున్నాం. పిల్లకు ఒక చెంచా ఇచ్చి, "జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పో. చప్పుడు ఎక్కడ మారితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టు," అన్నాను. మంచి చెక్క "టక్ టక్" మంటుంది. కుళ్ళిన చెక్క "దబ్ దబ్" మంటుంది. కుండ కొనేటప్పుడు మీ అమ్మ వేలితో కొట్టి చూస్తుంది గదా, ఆ పరీక్షే ఇది.

అడుగంతా బాగానే పలికింది. వెనక మూల ఒకచోట గుర్తు పడింది. తరవాత పడవను వెల్లకిలా తిప్పాం. ముందు భాగాన, తెరచాప కొయ్య వచ్చి దిగే చోట చెంచా చప్పుడు మొద్దుగా ఉన్నది. పైకి చూస్తే రంగు నిగనిగలాడుతున్నది. నేను తండ్రికి గోనెలు కుట్టే దబ్బనం ఇచ్చి గుచ్చమన్నాను. అది పుచ్చు వంకాయలో దిగినట్టు అంగుళం లోపలికి దిగింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లేత్ మీద పనిచేసే మనిషి. ఏ భాగం మీద ఎంత బలం పడుతుందో ఆయనకు నేను చెప్పనక్కరలేదు. ఆప్టిమిస్ట్ పడవలో కొయ్యను పట్టి నిలిపే తీగలు ఉండవు. పైన ఒక అడ్డపలకలో రంధ్రం, కింద ఒక గిన్నె లాంటి గుంట. ఈ రెండే ఆధారం. గాలి తెరచాపను తోస్తే ఆ బలమంతా ఈ రెండు చోట్లకే వస్తుంది. పైగా గాలి వేగం రెండింతలైతే దాని బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలికి ఆగిన కొయ్య 20 కిలోమీటర్ల గాలికి ఆగకపోవచ్చు. చెరువు నడుమ కొయ్య విరిగి పడితే, పడేది పిల్ల నెత్తిన.

"ఈ పందెం లేదు బిడ్డా," అన్నాడు తండ్రి.

పిల్ల ఏడ్చింది. రెండు రోజులు మా ఇంటి ముందునుంచి పోతూ తల తిప్పుకుని పోయింది. మూడో రోజు తనంతట తానే వచ్చి, "సార్, ఉప్పుకాగితం ఏ నంబరు తేవాలె?" అని అడిగింది.

పని ఐదు వారాలు పట్టింది. మొదటి మూడు వారాలు ఆరబెట్టడమే. ఎండలో కాదు సుమా, నీడలో. ఎండలో పైపొర గబుక్కున ఎండి పగులుతుంది, లోపలి తడి లోపలే ఉంటుంది. పాత రంగు గీకి తీశారు. పాత రంగులలో సీసం ఉండవచ్చు గనక పొడిగా రుద్దరాదు. నీళ్ళతో తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. చిన్న పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

తరవాత కుళ్ళిన చెక్కను కోసివేయాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. గట్టి చెక్క తగిలే దాకా, ఇంకా రెండు వేళ్ళు అవతలికి కూడా కోసెయ్యాలి. మా వీధి వడ్లాయన వచ్చి చూసి, "గింత దానికేముంది సార్, పైనుంచి ఒక పలక ఏసి మొలలు కొడితే అయిపాయె," అన్నాడు. తలుపుకైతే ఆయన మాట నిజమే. కాని పడవ నీళ్ళలో మెలి తిరుగుతుంది. అతుకు వేసే రెండు అంచులనూ వాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పరచి జిగురు పెట్టాలి. వాలు ఎంత? చెక్క మందానికి ఎనిమిదింతలు. మన పడవ పలక మందం 6 మిల్లీమీటర్లు. కనక వాలు 48 మిల్లీమీటర్లు. జిగురు పట్టే జాగా అంత పెరుగుతుంది గనక అతుకు అసలు చెక్కంత బలంగా ఉంటుంది. వడ్లాయన ఒకసారి విని తల ఊపి, రందా పట్టాడంటే, ఆ వాలు గాజు పలక లాగా వచ్చింది! ఆ చేతులకు దండం పెట్టాలి.

కొత్త చెక్క ఎట్లాంటిది కొనాలి? దుకాణంలో "మెరైన్ ప్లైవుడ్" అని అడిగి, దాని మీద ఐ.యస్. 710 అనే ముద్ర ఉన్నదో లేదో చూడాలి. ఈ ముద్ర పొందాలంటే ఆ చెక్క 72 గంటలు మరిగే నీళ్ళలో ఉడికినా పొరలు విడిపోగూడదు. పొరల నడుమ జిగురు అంత గట్టిది. మామూలు ప్లైవుడ్ పడవకు పనికిరాదు. నీళ్ళు తగిలితే అప్పచ్చి పొరల లాగా విడిపోతుంది. అతికించడానికి ఎపాక్సీ జిగురు వాడారు. రెండు డబ్బాల జిగురు అది. రెండూ కలిసినప్పుడే గట్టిపడుతుంది. చర్మానికి తగిలితే దురద, పుండ్లు రావచ్చు గనక ఈ పని పెద్దవాళ్ళే చేతులకు తొడుగులు వేసుకుని, ఆరుబయట చెయ్యాలి. కోసిన ప్రతి అంచుకూ అదే జిగురు మూడుసార్లు పూసి, తెరుచుకున్న ఆ నోళ్ళన్నీ మూసేశారు. కొయ్య దిగే గుంట చుట్టూ వేయడానికి తండ్రి లేత్ మీద స్టీలు బిళ్ళ ఒకటి తిప్పి తెచ్చాడు. అది ఆ పడవలో అన్నిటికన్న అందమైన భాగం. కొయ్య పెట్టిన తరవాత ఎవరికీ కనిపించదు!

ఆ తరవాతే రంగు. నీలమే వేశారు. మళ్ళీ తూచితే 38 కిలోలు. 35కు దిగలేదు; కొత్త జిగురుకూ బరువు ఉంటుంది గదా.

ఇప్పుడు గాలి సంచుల సంగతి. ఇది తల్లిదండ్రులు కూడా చదవాలి.

ఆప్టిమిస్ట్ పడవలో మూడు గాలి సంచులు కట్టి ఉంటాయి. రెండు పక్కలకు, ఒకటి వెనక. ఒక్కొక్కటి సుమారు 40 లీటర్లు పడుతుంది. ఆర్కిమిడీస్ సూత్రం మీకు తెలుసు: నీటిలో మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగిస్తుందో, అంత నీటి బరువుతో పైకి తొయ్యబడుతుంది. లీటరు నీటి బరువు కిలో. కనక మూడు సంచులూ నీళ్ళలో మునిగితే 120 కిలోల బలంతో పడవను పైకి తోస్తాయి. పడవ బోల్తాపడి నిండా నీళ్ళు నిండినా, అందులో పిల్ల కూర్చుని నీళ్ళు తోడుకోగలగడం ఈ సంచుల వల్లనే. అందులో ఒక పక్క సంచి ఖాళీ అయితే? 40 కిలోల ఆధారం పోవడం ఒక్కటే కాదు, పడవ ఆ పక్కకే ఒరిగి ఉంటుంది. ఎంత తోడినా ఆ పక్కనుంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి.

మేము మూడు సంచులూ సాయంత్రం గట్టిగా ఊది, మీద ఒక్కొక్క ఇటుక పెట్టి ఉంచాం. తెల్లవారి చూస్తే రెండిటి మీద ఇటుకలు అట్లాగే ఉన్నాయి. మూడోది మెత్తబడి, ఇటుక దాంట్లోకి కుంగిపోయింది. సైకిలు ట్యూబులాగే నీళ్ళలో ముంచి బుడగలు చూశాం. కుట్టు దగ్గర, గుండుసూది మొన అంత రంధ్రం. అతుకు వేయకుండా కొత్త సంచి కొనమన్నాను. రంగుకు పెట్టిన డబ్బు కన్న దానికి పెట్టిన డబ్బు నాకు సంతోషం. సంచులు పడవలో ఉన్నాయి గదా అని ఒంటి మీది లైఫ్ జాకెట్టు విప్పరాదు. ఈత వచ్చిన వాళ్ళయినా సరే. సంచులు పడవ కోసం, జాకెట్టు మీ కోసం.

అట్లాంటిదే ఇంకొక చిన్న తాడు ఉన్నది. కొయ్యను అడ్డపలకకు కలిపి కట్టే జానెడు తాడు. పడవ బోల్తాపడితే కొయ్య తన గుంటలోంచి జారి రాకుండా అది పట్టుకుంటుంది. పది రూపాయల తాడు. దాన్ని కట్టడం మరచిపోయి అడ్డపలకే చీల్చుకున్న పడవలు ఉన్నాయి.

ఇక తెరచాప కట్టడం. నిలువు కొయ్య ఒకటి. కింద అడ్డంగా ఉండేది బూమ్. ఈ రెంటి నడుమ నుంచి ఏటవాలుగా పైకి పోయి తెరచాప పై మూలను ఎత్తి పట్టేది స్ప్రిట్ అనే సన్నని కర్ర. తెరచాపను కొయ్యకూ, బూముకూ సన్నని దారాలతో వరసగా కట్టాలి. గుడ్డకూ కొయ్యకూ నడుమ సందు 10 మిల్లీమీటర్లకు మించరాదని ఈ పడవ నియమావళిలోనే ఉన్నది. మా పిల్ల మొదటిసారి కట్టినప్పుడు ఒక దారం బిగువు, ఒకటి వదులు. తెరచాప చిరుగు చొక్కాకు గుండీలు తప్పు పెట్టినట్టున్నది. విప్పించి మళ్ళీ కట్టించాను. మూడోసారికి కుదిరింది.

స్ప్రిట్ బిగువు సరిగా ఉన్నదీ లేనిదీ తెరచాపే చెబుతుంది. చదవడం నేర్చుకుంటే చాలు. కొయ్య పైకొసనుంచి బూము చివరకు ఏటవాలుగా ముడత పడితే స్ప్రిట్ వదులుగా ఉన్నదని అర్థం, కాస్త బిగించాలి. స్ప్రిట్ ఎత్తి పట్టిన పై మూలనుంచి కొయ్య మొదటికి ముడత పడితే మరీ బిగిసిందని అర్థం, కాస్త వదలాలి. రెండు ముడతలూ పోయి గుడ్డ మీగడ మీద గాలి ఊదినట్టు నిండితే సరి. గాలి మారితే ఇది కూడా మారుతుంది గనక నీళ్ళ మీద కూడా కన్ను వేసి ఉండాలి.

పాత తెరచాప పాలిస్టరు గుడ్డది. దాన్ని చంపేది గాలి కాదు, ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందు కుట్టు దారాన్ని తింటాయి, తరవాత గుడ్డను. కుట్టును గోటితో గీరి చూడండి. దారం పొడిగా రాలితే ఆ కుట్టంతా మళ్ళీ వేయించాలి. మా పిల్ల తెరచాప బొజ్జ కూడా సాగిపోయి వెనక్కు జరిగింది. అట్లాంటి తెరచాపతో ఎదురుగాలికి పోవడం కష్టం. పందానికి కొత్తది కొనడానికి తండ్రి ఆరు నెలలు గడువు పెట్టుకున్నాడు. పాతదాన్ని మా వీధి దర్జీ గట్టి పాలిస్టరు దారంతో కుట్టి ఇచ్చాడు. నేర్చుకోవడానికి అది చాలు.

తాళ్ళలో కూడా జాతులున్నాయి. నైలాన్ తాడు సాగుతుంది. లంగరుకూ, ఒక పడవను ఇంకొకటి లాగడానికీ అది మేలు, కుదుపును మింగుతుంది. పాలిస్టరు తాడు సాగదు. తెరచాపకు అది కావాలి. బజారులో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడు నీటి మీద తేలుతుంది గాని, ఎండకు పొడిపొడి అవుతుంది. తెరచాపను లాగి వదిలే తాడును ఇంగ్లీషులో "షీట్" అంటారు. దుప్పటికి కూడా అదే మాట! ఎందుకు పెట్టారని నన్ను అడగకండి. ఆ తాడు చివర ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయాలి. లేకపోతే గాలికి అది కప్పీలోంచి జారిపోయి తెరచాప చేతికి చిక్కకుండా పోతుంది.

కొంచెం పెద్ద పడవలలో, ఉదాహరణకు ఇంగ్లండులో జాక్ హోల్ట్ 1956లో తయారుచేసిన ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరి పడవలో, కొయ్యను మూడు స్టీలు తీగలు పట్టి ఉంచుతాయి. ఆ తీగలలో సన్నని పోగు ఒకటి తెగినా కంటికి కనిపించదు. దూదిని తీగ వెంట నడపండి. పోగు తెగిన చోట దూది చిక్కుకుంటుంది. వేలితో మాత్రం నడపరాదు.

ఐదు వారాల తరవాత ఒక ఆదివారం ఉదయం పడవ నీళ్ళలో దిగింది. మొదట మోకాటి లోతులోనే, నేర్పే ఆయన పక్కన నిలబడి ఉండగా, కావాలనే బోల్తా కొట్టించారు. మూడు సంచులూ పడవను పట్టి ఉంచాయి. కొయ్య కదలలేదు. పిల్ల డాగర్ బోర్డ్ మీద కాలు పెట్టి, అంచు పట్టి వెనక్కు వాలి పడవను లేపి, లోపలికి ఎక్కి డబ్బాతో నీళ్ళు తోడుతూ, మమ్మల్ని చూసి అరిచింది. ఏమన్నదో గాలికి వినబడలేదు. తండ్రి మాత్రం ఆమె ముఖం చూడడం లేదు; కొయ్య మొదటనే చూస్తున్నాడు.

తరవాతి పందెంలో ఆమె పద్దెనిమిది పడవలలో పదకొండో స్థానంలో వచ్చింది. కొత్త తెరచాప ఇంకా రాలేదు.

పందెం అయిన ప్రతిసారీ ఇంటికి రాగానే ఆమె చేసే పనులు ఇవి: పడవను, తాళ్ళను కొళాయి నీళ్ళతో కడుగుతుంది. హుస్సేన్ సాగర్ నీరు శుభ్రమైనది కాదు గనక తానూ స్నానం చేస్తుంది. తెరచాపను నీడలో ఆరేసి, మడత పెట్టకుండా చాప లాగా చుడుతుంది. మడత పడిన చోట గుడ్డ విరుగుతుంది. గాలి సంచుల గాలి కాస్త వదులుతుంది. ఎండకు గాలి వ్యాకోచిస్తే కుట్లు తెగుతాయి. ఆఖరుకు పడవను రెండు పాత టైర్ల మీద బోర్లిస్తుంది. వాననీరు ఇక ఏ మూలా నిలవదు.

ఇప్పుడు మీకు ఒక లెక్క. ఒక పడవ సూటిగా ఎదురుగాలిలో 200 మీటర్ల దూరంలో ఉన్న గుర్తుకు చేరాలి. రెండు వైపులకూ సరిగ్గా 45 డిగ్రీల వాలులో పోగలదు. ఒకే ఒక మలుపు తిరిగి చేరితే అది ఎంత దూరం పోయినట్టు? పది మలుపులు తిరిగి చేరితే ఎంత? రెండు జవాబులూ చూసిన తరవాత ఈ ప్రశ్నకు కూడా జవాబు రాయండి: మరి పందెంలో పిల్లలు అవసరం లేకుండా ఎక్కువ మలుపులు ఎందుకు తిరగరు? కాగితం మీద బొమ్మ గీసి పంపండి. వచ్చే నెల ముడులను గురించి.